ఫొటో తీస్తే పోయేదిగా!

ప్రశ్న: 1930లలో అమెరికా ప్రభుత్వం పాత బొంతలు, కుండలు, ఆటబొమ్మలను చిత్రకారులతో రంగుల్లో గీయించిందట. కెమెరాలు ఉండగా అంత శ్రమ ఎందుకండీ?

జవాబు: కెమెరాలు ఉన్నమాట నిజమే. కానీ అప్పటి కలర్ ఫొటోకు ఖర్చెక్కువ, రంగులా నిలవవు. పైగా అది ఆర్థిక మాంద్యం కాలం. పనిలేని చిత్రకారులకు జీతం ఇవ్వాలి కదా. అలా 1935లో మొదలైందే ‘ఇండెక్స్ ఆఫ్ అమెరికన్ డిజైన్’. 1942 దాకా సుమారు 18,000 నీటిరంగుల చిత్రాలు వేశారు. ఇప్పుడవి వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నాయి.

నాకైతే బొంతల చిత్రాలంటే పిచ్చి. నేత పోగులు, కుట్లు, వెలిసిన చోట్లు, దేన్నీ వదల్లేదు. ఇంటికప్పు మీద గాలివాటు చూపే రేకు కోడి బొమ్మ చూసి, ‘ఇది ఫొటోనే’ అని మా తమ్ముడితో పందెం కాశాను. ఓడిపోయాను! తుప్పు మరకలు అంత బాగా వేశాడు ఆ మహానుభావుడు.