సర్వే మంజూరైతే ప్యాసింజర్ రైలు వచ్చేసినట్టేనా?

మీ మండలం మీదుగా కొత్త లైనుకు సర్వే మంజూరైంది, రైలు ఎప్పుడొస్తుందని అడిగారు. సర్వే మంజూరు వేరండీ, లైను మంజూరు వేరు. పట్టాలు సరిగ్గా ఎక్కడ వేయాలో తేల్చే ఫైనల్ లొకేషన్ సర్వే అయ్యాక డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) రైల్వే బోర్డుకు వెళ్తుంది. అక్కడ పెట్టుబడికి రాబడి లెక్కగడతారు. సరుకు రవాణా లేకుండా ప్యాసింజర్ టికెట్లనే నమ్ముకున్న లైను ఆ లెక్కలో నిలబడటం కష్టం. అందుకే రాష్ట్రాన్ని వాటా అడుగుతారు.

తెలంగాణలో మనోహరాబాద్–కొత్తపల్లి లైను చూడండి. పొడవు 151 కిలోమీటర్లు. ఖర్చులో మూడో వంతు రాష్ట్రానిది, భూమి ఉచితంగా ఇవ్వాలి, రైళ్లు నడిపితే వచ్చే నష్టాన్ని ఐదేళ్లు రాష్ట్రమే భరించాలి. 2006-07లో మంజూరైతే సిద్దిపేటకు రైలు వచ్చింది 2023 అక్టోబరులో.

హైదరాబాద్ లోకల్ రైళ్ల ప్రాజెక్టు ఎంఎంటీఎస్ రెండో దశలో రాష్ట్రం వాటా ఇంకా ఎక్కువ, మూడింట రెండు వంతులు. 2012-13లో మంజూరైనప్పుడు అంచనా సుమారు 816 కోట్లు. రాష్ట్ర వాటా సమయానికి రాలేదు, సనత్‌నగర్–మౌలాలి మధ్య రక్షణ శాఖ భూమి దగ్గర పని ఆగింది, ఈలోగా ఖర్చు పెరిగింది. మేడ్చల్‌కు 2023 ఏప్రిల్‌లో, సనత్‌నగర్–మౌలాలి మీద 2024 మార్చిలో రైళ్లు మొదలయ్యాయి. వాటాను శాతంలో రాసుకుంటే, పెరిగిన ఖర్చులోనూ అదే శాతం రాష్ట్రం మీద పడుతుంది. ఒప్పందంలో నేను ముందు చూసేది ఆ వాక్యమే.

కాబట్టి ప్రకటనలు పక్కనపెట్టి, ఏ ప్రాజెక్టుకు ఎంత కేటాయించారో చెప్పే రైల్వే బడ్జెట్ పుస్తకం పింక్ బుక్ తెరవండి. మీ లైను పేరుకు ఎదురుగా వెయ్యి రూపాయలే ఉంటే, ప్రాజెక్టును జాబితాలో బతికించి ఉంచారు, అంతే. రాష్ట్రం వైపు బడ్జెట్‌లో అంకె చూసి సంతోషపడొద్దు. నిధుల విడుదల జీవో వచ్చిందా లేదా అన్నదే అసలు సంగతి.

భూసేకరణకు రైల్వే చట్టం 20ఏ నోటిఫికేషన్ వస్తే పని కదిలినట్టు. మీ భూమి అందులో ఉంటే 30 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. గడువు దాటితే పరిహారం గురించి మాట్లాడటమే మిగులుతుంది. స్టేషన్ ఊరికి ఎంత దూరం, అండర్‌పాస్‌లో చేరే వాననీరు ఎటు పోతుంది అన్నవి మాత్రం అంతకన్నా ముందే, లొకేషన్ సర్వే జరుగుతున్నప్పుడే పంచాయతీ తీర్మానం చేసి ఇవ్వండి. కట్ట పోశాక లెవెల్ మార్చడం దాదాపు కుదరదు, ప్రతి వానాకాలం ఆ నీళ్లలోంచే ట్రాక్టర్లు దాటాల్సొస్తుంది.