సమాధానం: వార్డెన్‌కి చెప్పినా తమ్ముడికి ర్యాగింగ్ ఆగట్లేదు

ఫిర్యాదు నోటిమాట దగ్గరే ఆగిపోయి ఉంటుంది. రాతలో లేకపోతే విచారణ చాలాసార్లు కదలదు.

1. తమ్ముణ్ణి సీనియర్ల గ్రూప్ నుంచి అప్పుడే బయటికి రావద్దనండి. చాలామంది భయపడి మెసేజ్‌లన్నీ డిలీట్ చేసేస్తారు, దాంతో సాక్ష్యం పోతుంది. పంపినవాళ్ల నంబరు, తేదీ, టైమ్ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి మీకు పంపమనండి. "రాత్రికి రా, ఫోన్ తేవద్దు" అన్న ఒక్క లైనైనా పనికొస్తుంది.

2. వాటిని జతచేసి యూనివర్సిటీ అధికారులకు ఈమెయిల్ పెట్టండి. వార్డెన్‌కి ఎప్పుడు చెప్పాడో తప్పక రాయండి. "వాడే ఒప్పుకున్నాడు" అని సీనియర్లు అంటారు, మీరు తగ్గకండి. బెదిరిస్తే తలూపడం ఒప్పుకోవడం కాదు.

3. కొట్టినా, బలవంతంగా తాగించినా ముందు డాక్టరు, పోలీసులు. స్పృహ తప్పితే పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్ పిలవాలి, ఒంటరిగా వదలకూడదు.