అమ్మకు నిజం చెబితే విశ్వాసం లేనట్టేనా? మా అక్క విషయంలో జరిగింది చెప్తాను

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అమ్మగారి క్యాన్సర్ కాలేయం దాకా పాకింది, డాక్టర్లు నెలల లెక్కే చెప్పారు. చర్చి సంఘం వాళ్లు మాత్రం రోజూ ఇంటికొచ్చి, స్వస్థత కలిగిందని నమ్మండి అంటున్నారు. ఇలాంటప్పుడు అమ్మతో చావు గురించి మాట్లాడితే అవిశ్వాసం అవుతుందా, ఆవిడ ధైర్యం చెడిపోతుందా అని అడిగారు. అవిశ్వాసం కాదు, మాట్లాడండి. ఇంత గట్టిగా ఎందుకంటున్నానో తెలియాలంటే మా అక్క సంగతి చెప్పాలి.

అక్కకు 46 ఏళ్లప్పుడు క్లోమానికి (పాంక్రియాస్) క్యాన్సర్ వచ్చింది. తెలిసేసరికే ఆపరేషన్ దశ దాటిపోయిందన్నారు. ఆ జబ్బుతో చిక్కే అది. కాస్త కడుపునొప్పి, కాస్త నడుం నొప్పి, ఆకలి లేకపోవడం, ఇలా ఎవరికైనా ఉండే బాధల్లాగే మొదలవుతుంది. తెలిసిన రోజు నుంచి ఏడు నెలలు బతికింది. ఏళ్ల తరబడి సండే స్కూల్ నడిపింది కాబట్టి సంఘంలో ఆవిడను ఎరగని ఇల్లు లేదు. కబురు తెలిసిన వారంలోనే మా ఇల్లు మనుషులతో నిండిపోయింది. ఉపవాస ప్రార్థనలు, చైన్ ప్రేయర్లు, రాత్రి పన్నెండింటికి కూడా ఎవరో ఒకరు మోకాళ్ల మీద ఉండేవారు. బావ నిలబడ్డది ఆ బలంతోనే. దాన్ని నేనెప్పుడూ తక్కువ చేసి మాట్లాడను.

కానీ మూడో నెలలో ఒకటి గమనించాను. గేటు చప్పుడు వినబడగానే అక్క దిండు పక్కన పెట్టుకున్న దువ్వెన తీసి జుట్టు సర్దుకునేది. లేచి కూర్చునేది. "ఎలా ఉందమ్మా?" అంటే "దేవుని కృప, బావుంది" అనేది. వాళ్లు వెళ్లాక గోడవైపు తిరిగి పడుకునేది, మాట్లాడేది కాదు. వచ్చినవాళ్ల విశ్వాసం చెదరకుండా చూసే డ్యూటీ రోగి మీద పడింది. ఎవరూ కావాలని మోపలేదు, అయినా పడింది.

నేనూ తక్కువ తినలేదు. స్కాన్ రిపోర్టు బీరువాలో బట్టల కింద దాచి, "కొంచెం తగ్గిందట" అని అక్కతో చెప్పాను. ఆ రిపోర్టు ఆవిడ అప్పటికే చదివేసిందని తర్వాత తెలిసింది. నాకెక్కడ తెలిసిపోతుందోనని మళ్లీ అదే మడతలో పెట్టేసిందట.

అదే రోజుల్లో ఒకాయన, మా సంఘం మనిషి కాదు, ఎవరో తీసుకొచ్చారు, మంచం పక్కన నిలబడి "ఒప్పుకోని పాపమేదో అడ్డుపడుతోంది తల్లీ" అన్నాడు. అక్క ఆ రాత్రంతా చిన్నప్పటి నుంచి చేసిన తప్పులు ఏరుకుంటూ కూర్చుంది. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. బైబిల్లో, కష్టాల్లో పడ్డ యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ముగ్గురూ మొదట ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఆయనతో పాటు నేల మీద కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. నన్నడిగితే వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాకే అంతా పాడుచేశారు. చివర్లో దేవుడు నా కోపం మండుతోందన్నది కూడా వాళ్ల గురించే.

మా పాస్టర్ గారు కూడా మొదట్లో స్వస్థత గురించే ప్రార్థించేవారు. ఒక సాయంత్రం ప్రార్థన అయ్యాక వెళ్లిపోకుండా బైబిల్ మూసి ఒళ్లో పెట్టుకుని, కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుని, "అమ్మా, భయమేస్తోందా?" అని అడిగారు. అక్క చాలాసేపు ఆయన్నే చూసి "అవునయ్యగారూ" అంది. చావంటే కాదట. నొప్పంటే భయం. ఊపిరాడక గిలగిల్లాడుతూ పోతానేమోనని భయం. చిన్నవాడు ఇంకా స్కూల్లోనే ఉన్నాడు, పెద్దయ్యాక వాడికి నా గొంతు గుర్తుంటుందా అని భయం. ఆయన దేనికీ జవాబు చెప్పలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. జబ్బు బయటపడ్డాక అక్క మా ఎదురుగా ఏడవడం అదే మొదటిసారి. ఆ రాత్రి నిద్రపోయింది కూడా.

మర్నాటి నుంచి ఒక్కో భయానికీ చేయగలిగింది చేశాం. గొంతు గురించి ఫోనులో రికార్డు చేసింది, రోజుకు ఐదు నిమిషాలు. నొప్పి సంగతి పాలియేటివ్ కేర్ వాళ్లు, అంటే రోగి నొప్పి, బాధ తగ్గించడానికి చూసే వైద్య బృందం, చూసుకున్నారు. మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు ఇచ్చారు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మీ ఇంట్లోనూ ఈ గొడవ వస్తుంది. సంఘంలో ఒక పెద్దావిడ "మార్ఫిన్ వద్దమ్మా, మత్తులో ప్రార్థన ఎలా చేసుకుంటావు" అంది, ప్రేమతోనే. అక్క రెండు డోసులు మానేసింది. ఆ రాత్రి ప్రార్థన కాదు కదా, బావ పేరు కూడా పలకలేకపోయింది. పొద్దున్నే నర్సు వచ్చి ఓపిగ్గా చెప్పింది. నోటితో వేసుకునే మామూలు మార్ఫిన్ పని నాలుగు గంటలే, అందుకే టైముకి వేయాలి, నొప్పి లేచేదాకా చూడకూడదు. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది, తర్వాత చాలామందికి తగ్గుతుంది. మలబద్ధకం మాత్రం వదలదు, దాని మందు పక్కనే రాస్తారు, మానొద్దు. నొప్పికి తగ్గ మోతాదులో ఇస్తే అది ప్రాణం తొందరగా తీయదు. క్లోమం జబ్బులో పొట్ట వెనక ఉండే నరాల గుంపుకి ఇంజెక్షన్ ఇచ్చి నొప్పి మొద్దుబార్చే పద్ధతీ ఉంది, అక్కకు అదీ చేశారు. నొప్పి తగ్గాకే ఆవిడ మళ్లీ కీర్తనలు చదవమని అడిగింది.

మందు వేసుకోవడం విశ్వాసానికి తక్కువ అనేవాళ్లకు సిసిలీ సాండర్స్ గురించి చెప్పండి. నర్సుగా, ఆసుపత్రి సోషల్ వర్కర్‌గా చేసి, తర్వాత చదువుకుని డాక్టరై, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పైస్ తెరిచింది. హాస్పైస్ అంటే చివరి రోజుల్లో ఉన్న రోగులను చూసుకునే చోటు. గట్టి క్రైస్తవురాలు. నొప్పి ఒంటిది మాత్రమే కాదు, మనసుది, కుటుంబానిది, ఆత్మది కూడా అని చెప్పింది ఆవిడే. మార్ఫిన్ టైము ప్రకారం ఇవ్వాలని పట్టుబట్టిందీ ఆవిడే.

పాలియేటివ్ అంటే చేతులెత్తేయడం అని మేం కూడా అనుకుని రెండు నెలలు పోగొట్టుకున్నాం. 2010లో అమెరికాలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మంది మీద ఒక పరిశోధన వచ్చింది. మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచే పాలియేటివ్ కేర్ అందినవాళ్ల మధ్యస్థ ఆయుష్షు (సగం మంది అంతకంటే ఎక్కువ, సగం మంది తక్కువ బతికిన కాలం) 11.6 నెలలు, మామూలు చికిత్స మాత్రమే అందినవాళ్లది 8.9 నెలలు. అది వేరే క్యాన్సర్, కాబట్టి ఆ అంకె మీ అమ్మగారికి అంటగట్టొద్దు. చేతులెత్తేయడం కాదని తెలియడానికి చాలు. ఇంకొకటి నన్ను బాగా ఆలోచనలో పడేసింది. 2013లో అచ్చయిన మరో అమెరికా అధ్యయనంలో, తమ మత సంఘాల నుంచి ఆత్మీయ సాయం బాగా అందిందని చెప్పిన క్యాన్సర్ రోగులే చివరి వారంలో ఎక్కువగా ఐసీయూ చికిత్సల్లో ఉన్నారు, హాస్పైస్‌కు తక్కువగా వెళ్లారు. వైద్య బృందం కూడా వాళ్లతో విశ్వాసం గురించి, చివరి రోజుల గురించి మాట్లాడినచోట అలా జరగడం తగ్గింది. చదవగానే దువ్వెన గుర్తొచ్చింది. అంత ప్రేమించే మనుషుల ముందు "ఇక చాలు" అని ఎవరు మాత్రం అనగలరు?

బైబిల్ వాక్యం ఏమంటుందని మిమ్మల్ని నిలదీస్తే, వాదన పెట్టుకోకండి గానీ ఇవి మనసులో ఉంచుకోండి. అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు (తనను వేధించిన బాధను అలా అన్నాడు) తీసేయమని దేవుణ్ణి మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబొచ్చింది. తన తోటి పనివాడు త్రోఫిమును మిలేతు ఊళ్లో రోగిగానే వదిలి వచ్చానని రాసుకున్నాడు. పౌలుకు విశ్వాసం తక్కువైందని ఎవరంటారు? అన్నిటికంటే నాకు పనికొచ్చింది హిజ్కియా రాజు కథ. చనిపోతున్నావు, ఇల్లు చక్కబెట్టుకో అని యెషయా ప్రవక్త ఆయన మొహం మీదే చెప్పాడు. ఆ తర్వాతే పదిహేనేళ్ల ఆయుష్షు దొరికింది. నిజం చెప్పినంత మాత్రాన, ఇల్లు చక్కబెట్టుకున్నంత మాత్రాన అద్భుతానికి తలుపు మూసుకుపోదు కదా.

మా ఇంట్లో స్వస్థత ప్రార్థన ఆగిపోలేదు, అక్కే ఆపొద్దంది. మాటలు మారాయంతే. "ప్రభువా, నీ చిత్తమైతే బాగుచెయ్యి, కాకపోతే ఈ బిడ్డ చెయ్యి వదలకు" అని ప్రార్థించేవారు పాస్టర్ గారు. రెండో సగం వినగానే అక్క "ఆమెన్" గట్టిగా అనేది.

సంఘం సాయం కూడా అప్పుడే దారిలో పడింది. క్వయర్‌లో పాడే ఒకమ్మాయి పెద్ద కాగితం మీద గళ్లు గీసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. ఎవరు, ఏ రోజు, ఏ పని. ఆసుపత్రికి కారు, మందుల షాపు, బట్టలు, చిన్నవాడికి లెక్కలు, బావ నిద్రపోవడానికి రాత్రి మెలకువగా ఉండే మనిషి. పరామర్శకు పదిహేను నిమిషాలు. అడుగున అక్క తన చేత్తోనే రాసింది: "బాగైపోతావు అనకండి. పాట పాడండి, లేదా ఊరికే కూర్చోండి." కొందరు నొచ్చుకున్నారు, రావడం మానేశారు. మిగిలినవాళ్లు చాలారు. ఒకావిడ ప్రతి శనివారం వచ్చి అక్క గోళ్లు తీసి కాళ్లకు నూనె రాసి వెళ్లేది. ఎలక్ట్రీషియన్ ఒకాయన గురువారాలు వచ్చేవాడు. నలుగురిలో ప్రార్థన చేయమంటే చెమటలు పట్టే మనిషి. మొదటి రోజు ఫ్యాను కిర్రుమనడం విని నిచ్చెనెక్కి బాగుచేశాడు. తర్వాత వారాల్లో బాగుచేయడానికేమీ లేక ఊరికే కూర్చునేవాడు. ఆయనొచ్చినప్పుడు అక్క దువ్వెన తీసేది కాదు.

చివరి ఆదివారం మింగలేకపోయింది. పాస్టర్ గారు ప్రభురాత్రి భోజనం ఇంటికి తెచ్చి, రొట్టె ముక్క ద్రాక్షరసంలో ముంచి నాలుక మీద తాకించారంతే. రెండు రోజులకు పోయింది. గిలగిల్లాడలేదు.

మీ దగ్గరికి వస్తాను. అమ్మగారికి వార్త చదివి వినిపించినట్టు చెప్పకండి. "డాక్టర్ చెప్పింది నీకేమర్థమైందమ్మా?" అని అడిగి ఊరుకోండి. ఆవిడకు మీ అంత తెలిసే ఉండొచ్చు. "ఇంకా తెలుసుకోవాలనుందా?" అని అడగండి. వద్దంటే వదిలేయండి, అది ఆవిడ హక్కు, మళ్లీ ఎప్పుడైనా ఆవిడే ఎత్తుతుంది. వెంటిలేటర్ పెట్టాలా వద్దా అన్నది మాత్రం ఆవిడ మాట్లాడగలిగినప్పుడే అడిగి, డాక్టర్‌కు తెలిసేలా రాయించి పెట్టుకోండి. మేం ఆలస్యం చేసి ఒక రాత్రంతా కొట్టుకున్నాం. పాస్టర్ గారిని ఇంట్లో అందరి ముందు కాకుండా విడిగా కలిసి, అమ్మ భయాల గురించి అడగమనండి. చాలామంది పాస్టర్లకు అడగాలనే ఉంటుంది, ఇంటివాళ్లు ఏమనుకుంటారోనని ఆగుతారు.

ఇంకొకటి, సమాధి కార్యక్రమం దాకా ఉన్న జనం ఆ తర్వాత ఉండరు. ఆ కాగితంలో తర్వాతి నెలలకు కూడా గళ్లు గీయించండి. మేం గీయించలేదు. నెలన్నర తిరిగేసరికి బావ ఒక్కడే మిగిలాడు. ఎలక్ట్రీషియన్ మాత్రం ఇప్పటికీ గురువారం వస్తాడు. ఇద్దరూ చదరంగం ముందేసుకుంటారు, మాటలు పెద్దగా ఉండవు. బావే ఎక్కువసార్లు ఓడిపోతాడు.