19 వేల జీతం, మూడేళ్ల బాబు: హైదరాబాద్‌లో విడిగా ఉండగలనా?

ఉండగలవు చెల్లీ. ఇరుగ్గా ఉంటుంది, కానీ ఉండగలవు. (నాకన్నా బాగా చిన్నదానివి కాబట్టి నువ్వు అనే అంటున్నా, ఏమీ అనుకోకు.)

నువ్వు రాసింది ఇదీ: వయసు 24, మిర్యాలగూడలో అమ్మానాన్నల దగ్గర ఉంటున్నావు, ఉప్పల్‌లో బ్యాక్ ఆఫీస్ ఉద్యోగం వచ్చింది, గ్రాస్ 21 వేల లోపు, కోతలు పోను చేతికి 19 వేలు. దాచుకున్నది 60 వేలు. బాబు తండ్రి పైసా ఇవ్వడం లేదు. సరుకులకి ఎంత, గ్యాస్‌కి ఎంత, లెక్క వేసి చెప్పమన్నావు. నేను 2017లో మూడేళ్ల పాపని తీసుకుని ఖమ్మం నుంచి వచ్చి నాగోల్ దగ్గర ఒక గది, వంటిల్లుతో మొదలుపెట్టాను. నాకు తెలిసింది చెప్తాను. కానీ సరుకుల దగ్గర మొదలుపెట్టను, ఎందుకంటే మనలాంటి వాళ్ల బడ్జెట్ తలకిందులయ్యేది కందిపప్పు ధర వల్ల కాదు.

ముందు తేలాల్సింది ఒక్కటే. నువ్వు ఆఫీసులో ఉన్న తొమ్మిది, పది గంటలు బాబు ఎవరి దగ్గర ఉంటాడు? ఇది తేలేవరకు టులెట్ బోర్డులు చూడకు. అందరూ ఆఫీసుకి దగ్గరగా ఇల్లు చూసుకుంటారు. నువ్వు బాబుని చూసుకునే మనిషికి దగ్గరగా చూసుకో. సాయంత్రం ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సు కదలకపోతే ఇంకో తల్లి భర్తకి ఫోన్ చేసి "నువ్వు తీసుకురా" అంటుంది. మనకి ఆ ఫోన్ చేసే అవకాశం లేదు. డేకేర్ వాళ్లు టైం దాటితే గంటకింత అని అదనంగా తీసుకుంటారు, అది నెల చివర్లో చూస్తే చిన్న మొత్తమేం కాదు. నేను పాపని మా వీధి చివర ఉన్న ఒక ఆంటీ దగ్గర ఉంచాను. ఆవిడ ఇంకో ఇద్దరు పిల్లల్ని కూడా చూసుకునేది. అరగంట ఆలస్యమైనా అన్నం పెట్టి కూర్చోబెట్టేది. ఆ అరగంట కోసమే ఇల్లు కొంచెం పాతదైనా, బాత్రూమ్ బయట ఉన్నా అక్కడే ఉండిపోయాను.

మా వైపు డేకేర్ అంటే ఇప్పుడు నెలకి 5 నుంచి 8 వేలు, ఇంట్లో చూసుకునే ఆంటీలైతే 3,500, 4 వేలు తీసుకుంటున్నారు. అప్పగించే ముందు ఒక మధ్యాహ్నం వేళ చెప్పకుండా వెళ్లి చూడు. పిల్లలు నిద్రపోతున్నారా, టీవీ ముందు కూర్చున్నారా, తెలిసిపోతుంది. మీ కంపెనీలో 50 మంది, అంతకన్నా ఎక్కువ ఉంటే క్రెష్ (ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలని చట్టం ఉంది, హెచ్‌ఆర్‌ని ఒక మాట అడుగు. లేదంటే వదిలెయ్, చేరిన నెలలోనే ఆ పోరాటం వద్దు.

ఇప్పుడు లెక్క. ఉప్పల్‌లో కాకుండా బోడుప్పల్, పీర్జాదిగూడ లోపలి వీధుల్లో ఒక గది, వంటిల్లు 6 వేలకి దొరుకుతుంది. బాబుకి 4 వేలు. ఇద్దరికీ తిండికి, పాలతో కలిపి 4,500. సిలిండర్ మీ ఇద్దరికీ రెండు నెలలు వస్తుంది కాబట్టి నెలకి 450 పక్కన పెట్టు. కరెంటు, నీళ్లు 400, ఫోన్ 300, ఆటోలకి 400. మొత్తం 16,050. ఇంకా 2,950 మిగిలిందని సంబరపడకు, అది మిగులు కాదు. అందులో 1,500 జ్వరాల డబ్బు, 1,000 ఏడాదికోసారి వచ్చే ఖర్చుల డబ్బు. చివరికి చేతిలో ఉండేది 450.

జ్వరాల డబ్బు గురించి ఎవరూ చెప్పరు, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను. ఇంట్లో పెరిగిన పిల్లాడిని నలుగురు పిల్లల మధ్య వదిలితే మొదటి ఏడాది జలుబు, జ్వరం, విరేచనాలు వస్తూనే ఉంటాయి. జ్వరం ఉన్న పిల్లాడిని డేకేర్ వాళ్లు రానివ్వరు. నువ్వు సెలవు పెట్టాలి. కొత్తగా చేరినవాళ్లకి సెలవులు ఉండవు, లాస్ ఆఫ్ పే. నీ జీతానికి రోజుకి 700 రూపాయల దాకా పోతుంది. నాలుగు రోజులు ఇంట్లో ఉంటే 2,800, డాక్టర్ ఫీజు, మందులు వేరే. నాకు మొదటి వానాకాలంలో జీతంలో కోత పడినంత నెల సరుకులకి కూడా అవ్వలేదు. అందుకే నెలకి 1,500 చొప్పున, జ్వరం వచ్చినా రాకపోయినా, పక్కకి వెళ్లిపోవాలి. ఏడాదికి 18 వేలు. నిజం చెప్పాలంటే అదీ చాలదేమో, కానీ అప్పు చేయకుండా ఆపుతుంది.

ఇక్కడే మీ అమ్మగారు అవసరం. అమ్మానాన్నలని డబ్బు అడగడం నీకు ఇష్టం లేదని రాశావు, అర్థమైంది. డబ్బు అడగకు. జ్వరం వచ్చినప్పుడు వచ్చి ఉంటావా అని అడుగు. మహాలక్ష్మి పథకంలో 2023 డిసెంబర్ నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో కూడా ఆడవాళ్లకి టికెట్ లేదు కదా, ఆధార్ పట్టుకుని మిర్యాలగూడలో ఎక్కితే సరి. ఆవిడ రెండు రోజులు వచ్చి ఉంటే నీకు 1,400 మిగిలినట్టే. వచ్చేటప్పుడు బియ్యం కూడా తెస్తారు. మిర్యాలగూడలో పుట్టిల్లు ఉండి హైదరాబాద్‌లో 25 కేజీల బస్తా కొనుక్కుంటే రైస్ మిల్లులు నవ్వుతాయి. కారం, చింతపండు, పచ్చళ్లు అన్నీ అక్కడి నుంచే రానీ, 4,500లో వెయ్యి తగ్గుతుంది. ఇది సాయం తీసుకున్నట్టు కాదు, ఏ కూతురికైనా వచ్చేవే.

నీ జీతం 21 వేల లోపు కాబట్టి ఈఎస్‌ఐ (ఉద్యోగికి, కుటుంబానికి వైద్యం ఇచ్చే ప్రభుత్వ బీమా) వర్తిస్తుంది. నీ వాటా 0.75 శాతమే, దాదాపు నూట యాభై రూపాయలు. చేరగానే కార్డులో కుటుంబ సభ్యుల కింద బాబు పేరు ఎక్కించారో లేదో చూసుకో, చాలా చోట్ల ఉద్యోగి పేరు ఒక్కటే వేసి వదిలేస్తారు. మామూలు జ్వరానికి డిస్పెన్సరీలో లైను ఉంటుంది, సగం రోజు పోతుంది, దానికి మన జ్వరాల డబ్బుతో పక్క వీధి డాక్టరే నయం. కానీ ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే సనత్‌నగర్ ఈఎస్‌ఐ నీ 60 వేలని కాపాడుతుంది.

ఆ 60 వేల సంగతి. రెండు నెలల అడ్వాన్స్ 12 వేలు, మొదటి నెల అద్దె 6 వేలు. బ్రోకర్ ద్వారా వెళ్తే ఇంకో సగం నెల నుంచి నెల అద్దె, కాబట్టి ఒక ఆదివారం మీ నాన్నగారితో వీధులు తిరిగి బోర్డులు చూసుకో. కొత్త గ్యాస్ కనెక్షన్‌కి డిపాజిట్ 2,200, రెగ్యులేటర్‌కి 250, సిలిండర్ ధర వేరు. ఆలస్యమైతే 5 కేజీల చిన్న సిలిండర్‌కి అడ్రస్ ప్రూఫ్ అడగరు, దానితో నడిపించు. స్టవ్వు, ఫ్యాను, పరుపు, గిన్నెలు ఇంటి నుంచి తెచ్చుకోగలిగినవి తెచ్చుకో. ఫ్రిజ్ గురించి ఎండాకాలం వరకు ఆలోచించకు. నెల మధ్యలో చేరితే పూర్తి జీతం చూడటానికి నెలన్నర పడుతుంది, దానికి 15 వేలు విడిగా ఉండాలి. ఇవన్నీ పోను 18 నుంచి 20 వేలు మిగలాలి. దాన్ని ఫోన్‌పే, గూగుల్‌పే దేనికీ లింక్ చేయని ఖాతాలో వెయ్యి. జ్వరాల డబ్బు కూడా అందులోకే. చేతిలో ఫోన్ ఉంటే చిప్స్ ప్యాకెట్ ఇరవై, ఆటో నలభై అని డబ్బు పోయేది తెలియదు మనకి.

ఇంటి ఓనర్లు "మీ ఆయన ఏం చేస్తారు" అని అడుగుతారు. అడుగుతారంతే. ఒళ్లు మండుతుంది, కానీ "నేనూ, బాబూ ఉంటాం, అమ్మానాన్న వచ్చిపోతుంటారు" అని ఒక్క ముక్కలో చెప్పి నీ ప్రశ్నలు మొదలుపెట్టు. నీ పోర్షన్‌కి వేరే మీటర్ ఉందా, సబ్ మీటరా? సబ్ మీటరైతే ఓనర్ యూనిట్‌కి తనకి తోచిన రేటు వేస్తాడు, పైగా గృహజ్యోతి రాదు. వేరే మీటర్ ఉండి, రేషన్ కార్డు ఉంటే అద్దెకున్నవాళ్లకి కూడా 200 యూనిట్ల వరకు జీరో బిల్లు వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో బోరు ఎండుతుందా, ట్యాంకర్ డబ్బు ఎవరిది? అగ్రిమెంట్ నీ పేరు మీదే రాయించుకో, తర్వాత ఆధార్‌లో అడ్రస్ మార్చడానికి పనికొస్తుంది.

రేషన్ కార్డు అన్నాను కదా, నీ పేరు ఇప్పుడు ఎక్కడుంది? అత్తగారింటి కార్డులో ఉంటే అక్కడ తీయించకుండా ఇంకో చోట ఎక్కదు. మీ సేవలో పెట్టాలి, టైం పడుతుంది, అందుకే హైదరాబాద్ రాకముందే మొదలుపెట్టు. ప్రభుత్వ పథకంలో వచ్చే 500 రూపాయల గ్యాస్‌కి కూడా అదే ఆధారం. ఇవి వచ్చేవరకు లెక్కలో కలపకు.

ఏడాదికోసారి వచ్చేవాటిలో పెద్దది స్కూలు. బాబు ఎల్‌కేజీకి వెళ్లే జూన్‌లో ఫీజు, పుస్తకాలు, యూనిఫాం కలిపి ఒక్కసారిగా పడతాయి, నెలకి వెయ్యి దాచినా సగమే అవుతుంది. మిగతాది కంతుల్లో కడతానని స్కూల్లో ముందే మాట్లాడు, చిన్న స్కూళ్లలో ఒప్పుకుంటారు. ఈలోగా అంగన్‌వాడీ దగ్గర్లో ఉంటే వెళ్లి చూడు. టీచర్ బాగుంటే చాలా బాగుంటుంది, గుడ్డు, భోజనం అక్కడే. కానీ మధ్యాహ్నం తర్వాత మళ్లీ ఆంటీ కావాలి.

ఇంకొకటి చదివింపులు. పెళ్లిళ్లు, నూతన వస్త్రాలు, గృహప్రవేశాలు, వరసపెట్టి వస్తాయి. "విడిగా ఉంటోంది కదా, సంపాదిస్తోంది కదా" అని మన మీదే కళ్లు. దగ్గరివాళ్లకి తప్ప అందరికీ నూటపదహార్లే. ముక్కు విరిచేవాళ్లు విరవనీ, వాళ్లు బాబు ఫీజు కట్టరు. పక్కింటి చీటీల్లో మాత్రం మొదటి ఏడాది చేరకు. ఒక నెల కట్టలేకపోతే వీధిలో తల ఎత్తుకోలేని పరిస్థితి తెస్తారు.

బాబు తండ్రిని అడగడం ఇష్టం లేదన్నావు. అది నీ ఇష్టానికి వదిలేసే విషయం అని నేను అనుకోను, ఎందుకంటే ఆ డబ్బు బాబుది. కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) సెక్షన్ 144 కింద భరణం అడగొచ్చు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది, 15100కి ఫోన్ చెయ్యి. మధ్యంతర భరణం 60 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా ఎక్కువే పడుతుంది. అయితే 2020లో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్క కడతారు, అందుకే పెట్టడం ఆలస్యం చేయకు. వచ్చినా నెల ఖర్చులో కలపకు, ఆయన ఒక నెల ఆపితే నీ అద్దె ఆగిపోకూడదు.

బ్యాంకులో రెండు ఫారాలు నింపు. ప్రమాద బీమా ఏడాదికి 20 రూపాయలు, జీవన జ్యోతి (ప్రాణ బీమా) 436, ఒక్కోటి 2 లక్షలు. అవి నింపేటప్పుడే పాత ఖాతాల్లో నామినీ ఎవరున్నారో చూడు. పెళ్లయిన కొత్తలో తెరిచినవైతే ఇంకా ఆయన పేరే ఉంటుంది. బాబు పేరు పెట్టి, వాడు మైనర్ కాబట్టి వాడి తరఫున తీసుకునే పెద్దమనిషిగా మీ అమ్మగారి పేరు రాయి. పీఎఫ్‌లో కూడా అంతే.

బాబు పుట్టింది ఏ నెలో, మీ ఆఫీసులో జీతం ఏ తారీఖున పడుతుందో కింద రాస్తే స్కూలు ఖర్చు ఏ జూన్ నుంచి మొదలవుతుందో, అద్దె ఏ తారీఖుకి పెట్టుకోవాలో చెప్తాను.