మొక్క కొనకు, తాటి టెంక పాతు

చి. రమణకి, మావయ్య ఆశీస్సులు.

ఆనందపురం దగ్గర కొన్న స్థలం గట్టు వెంట నర్సరీ నుంచి పామ్ మొక్కలు తెచ్చి పెడతావట, మీ అమ్మ చెప్పింది. డబ్బులు ఎక్కువయ్యాయా ఏమిట్రా? మన తాటిచెట్టు ఉండగా పైదేశం మొక్క దేనికి? ఉప్పుగాలి, ఇసుక నేల, చుక్క వాన లేని వేసవి, అన్నీ దానికి అలవాటే. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌కి వైజాగ్ రోడ్ల మీద చెట్లు ఎలా పడ్డాయో చూశావు కదా. తాటికి కొమ్మలుండవు, గాలికి చిక్కేది తక్కువ.

శ్రావణ, భాద్రపదాల్లో పండ్లు రాలతాయి. కోసినవి వద్దు, ముగ్గి వాటంతటవి రాలినవే ఏరు. గుజ్జు మీ అత్తకిచ్చెయ్, బూరెలు వేస్తుంది. ఒక్కో పండులో మూడు టెంకల దాకా ఉంటాయి. ఎండనివ్వకుండా వెంటనే పాతెయ్.

ఎక్కడ చెట్టు కావాలో అక్కడే పాతాలి. టెంకలోంచి తెల్లటి కాడ ఒకటి వచ్చి, పైకి రాకుండా నేరుగా భూమిలోకి దిగుతుంది. మొక్క పుట్టేది దాని కొసన. మనం కాల్చుకు తినే తేగ అదే. ఆకు పైకి కనబడేసరికే వేరు బాగా లోతుకి పోయి ఉంటుంది, అప్పుడు పెకిలిస్తే బతకడం కష్టం. అందుకే గుంటలో మట్టి మోకాలి లోతు వరకూ గుల్ల చేసి, టెంకని బెత్తెడు లోతున పెట్టు. గుంటకీ గుంటకీ పదడుగులు ఉండాలి. జానెడు ఎడంగా రెండేసి టెంకలు వెయ్యి, రెండూ మొలిస్తే ఒకటి సంక్రాంతికి తేగగా తవ్వుకోవచ్చు.

మొదటి ఆకు విసనకర్రలా ఉండదు, సన్నగా నిలువుగా వస్తుంది. గడ్డి కోసేవాడు దాన్నీ కోసేస్తాడు, పక్కన పుల్ల గుచ్చు. మొదటి రెండు వేసవులు వారానికో బిందెడు నీళ్లు చాలు. ఆకులు వి ఆకారంలో కత్తిరించినట్టు ఉంటే కొమ్ము పురుగు పడ్డట్టు. మొవ్వులో రంధ్రం వెతికి కొక్కెం తీగతో లాగెయ్.

చెట్టు పోతో (మగదో) పెంటో (ఆడదో) పూత వచ్చేదాకా తెలీదు, దానికి పన్నెండు పదిహేనేళ్లు పట్టొచ్చు. పోతు చెట్టుకి ముంజలు రావు. కాబట్టి రెండు మూడు కాదు, గట్టంతా పాతు. కరెంటు తీగల కింద మాత్రం వద్దు. దారికి కూడా ఆనించకు, మట్టల అంచు రంపం, పిల్లలు గీరుకుంటారు.

ఇక్కడ పండ్లు రాలడం మొదలైంది. ఆదివారం గోనె సంచితో రా, గునపం నా దగ్గరుంది.

మీ మావయ్య