థీసిస్ టాపిక్ అడిగిన మేనకోడలికి

బిడ్డా,

నీ మెసేజ్ రాత్రి పదకొండింటికి చూశా, అప్పుడే రెండు ముక్కలు కొట్టి పడుకుందాం అనుకున్నా గానీ ఇది రెండు ముక్కల్లో తేలేది కాదని పొద్దున్నే కాఫీ పెట్టుకుని కూర్చున్నా. మీ నాన్నకి చెప్పకు, అత్త పొద్దున్నే ఫోన్ పట్టుకుంది అని క్లాసు పీకుతాడు.

మత్తు డాక్టర్ థీసిస్‌కి, స్పైనల్‌లో (నడుములో ఇచ్చే మత్తు సూదిలో) బుపివకైన్ అనే తిమ్మిరి మందుకి డెక్స్‌మెడిటోమిడిన్ కలిపితే తిమ్మిరి ఎంతసేపు, ఫెంటానిల్ కలిపితే ఎంతసేపు, పొట్ట కోసి గర్భసంచి తీసే కేసుల్లో గ్రూపుకి 30 మంది చొప్పున 30-30 చేసేస్తా అన్నావ్. చెయ్యొద్దనను, కానీ మీ డిపార్ట్‌మెంట్ లైబ్రరీ బీరువా తెరువు, అలాంటివి నాలుగు మీద పడతాయి. డెక్స్‌మెడ్ ఎక్కువసేపు ఉంటుందని నీకూ తెలుసు, మీ గైడ్‌కీ తెలుసు, ఎగ్జామినర్‌కీ తెలుసు. జవాబు తెలిసిపోయిన ప్రశ్న కోసం అరవై మంది ఆడవాళ్ళ దగ్గర సంతకం తీసుకోవడం ఎందుకు చెప్పు? పైగా బ్లాక్, అదే ఆ తిమ్మిరి, ఎన్ని నిమిషాలుందనేది నీకు ముఖ్యం, ఆమెకు కాదు. ఆమె అడిగేవి వేరే, మంచినీళ్ళు ఎప్పుడు తాగొచ్చు, ఈ కడుపులో తిప్పుడు ఎప్పుడు ఆగుద్ది, బాత్రూంకి నేనే లేచి పోవచ్చా, ఇంటికెప్పుడు పంపుతారు. దీన్నే రికవరీ అంటాం, దాని మీద చెయ్యి.

మనకు ఈ పని పక్కనే ఉంది కూడా. 2015-16 నేషనల్ ఫ్యామిలీ హెల్త్ సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తానికి 3.2 శాతం అయితే ఆంధ్రాలో 8.9, తెలంగాణలో 7.7. అందులో అవసరం లేకుండా తీసినవెన్ని అనేది వేరే గొడవ, మొదలుపెడితే నా బీపీ పెరుగుద్ది. కానీ తీసేటప్పుడు తల దగ్గర కూర్చునేది మనమే కదా, లేచాక ఆమె ఎలా ఉందో కొలిచే బాధ్యత కూడా మనదే.

ఎలా కొలవాలి అంటే క్యూఓఆర్-15 అని ఒక ప్రశ్నల ఫారం ఉంది, 2013లో ఆస్ట్రేలియా వాళ్ళు పాత 40 ప్రశ్నల దాన్ని కుదించి చేశారు, పదిహేను ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 10, మొత్తం 150. ఊపిరి హాయిగా ఆడుతుందా, తిండి సయిస్తుందా, నిద్ర పట్టిందా, తన పనులు తను చేసుకోగలుగుతుందా, నొప్పి, వికారం, దిగులు, ఇవన్నీ ఉంటాయి. ఆపరేషన్‌కి ముందు ఒకసారి, 24 గంటలకి ఒకసారి అడుగు. అయితే ఇంగ్లీషు ఫారం పట్టుకుని నోటికొచ్చిన తెలుగులో అడగొద్దు. ఇప్పటికే సరిగ్గా పరీక్షించిన తెలుగు అనువాదం ఉందేమో ముందు వెతుకు, దొరక్కపోతే ఇద్దరితో విడివిడిగా తెలుగు చేయించి, ఇంగ్లీషు ఫారం అస్సలు చూడని మూడో మనిషితో మళ్ళీ ఇంగ్లీషు చేయించి రెండూ పక్కన పెట్టి చూడు, ఎక్కడ జారిందో తెలిసిపోద్ది.

ఇక్కడ కొంచెం ఆగి చెప్తా ఎందుకంటే నేను ఎక్కువ దెబ్బ తిన్నది ఇక్కడే. మంచం దగ్గరికెళ్ళి "వాంతులయ్యాయా అమ్మా" అంటే "లేదు సారూ" అంటుంది (మనం ఆడవాళ్ళమైనా సారే). నువ్వు సున్నా వేసి పక్క మంచానికి పోతావు. ఆమె చేతిలో మాత్రం నిమ్మకాయ ఉంటుంది, గోరుతో గిల్లి వాసన చూస్తూ ఉంటుంది, అది నీకు కనపడదు. వాంతి కాలేదు గానీ ఆమె పొద్దుట్నుంచి వికారంతో చస్తుంది. అందుకే వికారం వేరే, ఓకరింపు వేరే, వాంతి వేరే అడగాలి, "కడుపుల తిప్పుతుందా, నోట్లో నీళ్ళూరుతున్నాయా" అని ఆమె మాటల్లోనే అడగాలి. తిండి సయిస్తుందా అంటే "ఇంకా ఏం తినలే" అంటుంది, ఆకలి లేక కాదు, పప్పు తింటే కుట్లు చీము పడతాయని అత్తగారు పెట్టనివ్వలేదు! నువ్వు దాన్ని మత్తు మందు ఖాతాలో రాస్తావు. ఫారం పక్కన ఒక గీత గీసి ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకో, తర్వాత అదే పనికొస్తుంది.

నొప్పి కూడా అంతే. పది సెంటీమీటర్ల గీత చూపించి నొప్పి ఎక్కడుందో చుక్క పెట్టమంటే, చదువుకోని పెద్దామె ఆ గీత కొస పట్టుకుని నాకే తిరిగి ఇచ్చింది, స్కేలు అనుకుంది పాపం. ఇంకొకామె, నర్సంపేట వైపు నుంచి వచ్చింది, గడ్డలకి ఆపరేషన్ అయింది, పదికి ఎంత అంటే చాలాసేపు ఆలోచించి "రూపాయికి బారాణా తగ్గింది సారూ" అంది. అంటే ఇంక పావలా నొప్పి ఉంది! ఇంతకంటే మంచి స్కేలు నేను చూడలా. కానీ 7.5 తగ్గిందనుకుని 2.5 వేసేయొద్దు, తగ్గడం వేరు, ఇప్పుడు ఉండడం వేరు, మొదట ఎంతుందో అడగాలి. ఏ స్కేలు వాడినా ఆపరేషన్‌కి ముందురోజు సాయంత్రమే నేర్పించు, మత్తు దిగుతున్న మనిషికి లెక్కలు చెప్పకు.

లాప్రోస్కోపీ కేసులు తీసుకుంటే భుజం నొప్పి విడిగా అడుగు. కడుపులో నింపిన కార్బన్ డయాక్సైడ్ డయాఫ్రం కింద మిగిలిపోయి ఫ్రెనిక్ నరాన్ని కెలుకుద్ది, నొప్పి భుజంలో తెలుస్తుంది, వాళ్ళేమో టేబుల్ మీద చెయ్యి మెలిపెట్టారనుకుని అమృతాంజనం రాసుకుంటూ కూర్చుంటారు, డాక్టరుకి చెప్పరు. కుట్ల దగ్గర, లోపల పొత్తికడుపులో, భుజంలో, మూడు చోట్లా, కదలకుండా ఉన్నప్పుడు ఒకసారి దగ్గించి ఒకసారి అడగాలి. ట్యాప్ బ్లాక్ (పొట్ట గోడ నరాలకి ఇచ్చే తిమ్మిరి సూది) పొట్ట గోడ నొప్పినే ఆపుద్ది, లోపలి నొప్పిని ఆపలేదు, అన్నీ కలిపి ఒకే అంకె వేస్తే నీ బ్లాక్ పనిచేసినా చెయ్యనట్టే కనిపిస్తుంది.

లెక్క గురించి. 30-30 అనేది ఎవరు పెట్టారో నాకు ఈ రోజుకీ అర్థం కాదు, జాతకం లాగా అందరికీ అదే నంబరు. చూడు, 100 మిల్లీమీటర్ల గీత మీద 10 మిల్లీమీటర్ల తేడా అయినా ఉంటేనే మనిషికి తెలుస్తుంది అనుకో, స్టాండర్డ్ డీవియేషన్ (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో ఆ కొలత) 20 అనుకో, 80 శాతం పవర్‌కి, అంటే ఆ తేడా నిజంగా ఉంటే నూటికి ఎనభైసార్లు దొరకాలంటే, గ్రూపుకి 63 మంది కావాలి. 30 మందితో నువ్వు పట్టగలిగే తేడా 14, 15 మిల్లీమీటర్లు. వాంతులు, వికారం 60 శాతం నుంచి 40కి తగ్గించా అని చూపించాలంటే గ్రూపుకి 94 మంది దాకా, మధ్యలో డిశ్చార్జ్ అయిపోయేవాళ్ళని కలిపితే వందకి పైనే. అంతమంది రారు అంటావా, అప్పుడు ప్రశ్న మార్చు, నంబరు మార్చకు. మీ హాస్పిటల్‌లో నెలకి ఎన్ని గర్భసంచి ఆపరేషన్లు అవుతాయో ఓటీ (ఆపరేషన్ థియేటర్) రిజిస్టర్ తీసి ముందే లెక్క పెట్టు, గైనిక్ వాళ్ళ నోటి మాట నమ్మకు, వాళ్ళకి అన్నీ బోలెడే.

60 శాతం ఏంటి అనకు. ఆపరేషన్ తర్వాత వాంతుల రిస్కు లెక్కగట్టే ఆప్ఫెల్ స్కోర్ చదివావుగా, ఆడమనిషి, పొగ తాగదు, బస్సెక్కితే వాంతులు, ఆపరేషన్ తర్వాత ఓపియాయిడ్లు (మార్ఫిన్ లాంటి నొప్పి మందులు), నాలుగూ ఉంటే దాదాపు 80 శాతం, మూడుంటే 60. మన పేషెంట్లకి మొదటి రెండూ వార్డులోకి అడుగుపెట్టగానే లెక్కలో పడిపోతాయి. అదే ఆప్ఫెల్ బృందం 2004లో 5199 మందిలో ఆరు పద్ధతులు కలిపి చూశారు, ఆన్‌డాన్‌సెట్రాన్, డెక్సామెథసోన్, డ్రోపెరిడాల్ అనే మందులు ఒక్కోటీ వాంతుల రిస్కుని సుమారు 26 శాతం తగ్గించాయి. అందుకని నీ రెండు గ్రూపుల్లో ఎవరికి ఏ యాంటీఎమెటిక్ (వాంతులు ఆపే మందు) ఇచ్చావో, ఓపియాయిడ్ ఎంత ఇచ్చావో ఒకే పద్ధతిలో ఉండాలి, ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్ళ ఇష్టానికి వదిలేస్తే కొంప మునుగుద్ది.

ఇంకో చిన్న విషయం, పుస్తకంలో చూసినా ఎవరూ గుర్తుపెట్టుకోరు. స్పైనల్‌లో మెలకువగా ఉన్నామెకి డెక్సామెథసోన్ గబుక్కున నెట్టావనుకో, కింద భరించలేని మంట, దురద వస్తుంది, ఆడవాళ్ళకి మరీ ఎక్కువ, ఆమె సిగ్గుతో చెప్పదు, మొహం మాత్రం మారిపోద్ది. స్పైనల్ పూర్తిగా పట్టాక ఇస్తే తెలియకపోవచ్చు, ముందే ఇస్తే మాత్రం మాయదారి మంట. సెలైన్‌తో పోల్చే ట్రయల్‌లో ఇది జరిగితే నీ బ్లైండింగ్ అక్కడే పోయింది, ఏ సిరంజిలో ఏముందో నీకూ తెలిసిపోయింది, ఆమెకీ తెలిసిపోయింది. అందుకే సిరంజి వేరే వాళ్ళు కలపాలి, 24 గంటలకి అడిగేవాళ్ళు ఇంకా వేరే ఉండాలి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తా, మీ నాన్నకి కూడా తెలీదు. 1991లో నా థీసిస్, వెజైనల్ హిస్టరెక్టమీ (కింద నుంచి గర్భసంచి తీసే) కేసులు, రాత్రి రెండింటి నొప్పి రీడింగ్ తియ్యాలి. ఆ రోజు రెండు ఎమర్జెన్సీ సిజేరియన్లు చేసి డ్యూటీ రూంలో కూలబడ్డా, లేచేసరికి ఆరు. పన్నెండింటికి 2, పొద్దున 3, మధ్యలో ఏముంటుందిలే అని నేనే 2 వేసేశా. రౌండ్స్‌లో ఆమె వాళ్ళమ్మ నా కొంగు పట్టుకుని "రాత్రంత మూల్గింది బిడ్డా, ఒక్కలు రాలే, నేను నర్సమ్మ కోసం రెండు మాట్ల పోయొచ్చిన" అంది. నా జేబులో ఉన్న కాగితం మీద 2 ఉంది. ఆ గడి కొట్టేసి రీడింగ్ తియ్యలేదు అని రాశా, గైడ్ తిట్టారు, తిట్టనీ. నీ షీట్లో ఖాళీ గడులు ఉంటాయి బిడ్డా, ఉండనీ.

ఇదేదో చిన్న విషయం అనుకుంటావేమో, మన సబ్జెక్టులో పెద్ద దొంగతనం జరిగింది సరిగ్గా ఇక్కడే. జపాన్‌లో యోషితాకా ఫుజీ అని ఒక మత్తు డాక్టర్, గ్రానిసెట్రాన్ అనే మందుతో వాంతులు తగ్గుతాయని పేపర్ల మీద పేపర్లు, అందులో గైనిక్ ఆపరేషన్లవి బోలెడు. 2000లోనే క్రాంకే, ఆప్ఫెల్ వాళ్ళు ఆ లెక్కలు "నమ్మలేనంత చక్కగా ఉన్నాయి" అని ఒక జర్నల్‌కి ఉత్తరం రాశారు, తలనొప్పి వచ్చినవాళ్ళ సంఖ్య గ్రూపు గ్రూపుకీ అచ్చం ఒకేలా ఉంది మరి. ఎవరూ పట్టించుకోలేదు. 2012లో జాన్ కార్లైల్ అనే ఇంగ్లండు మత్తు డాక్టర్ అతని 168 ట్రయల్స్ తీసి, గ్రూపుల మధ్య వయసు, బరువు లాంటివి కూడా సహజంగా రావాల్సిన తేడాలతో లేవని చూపించాడు. చివరికి 170కి పైగా పేపర్లు వెనక్కి తీసుకున్నారు. ఎన్నో ఏళ్ళు ఆ లెక్కలు కలుపుకుని రివ్యూలు రాశారు, మనం చదివాం, ఇంజెక్షన్లు ఇచ్చాం.

మన ఊరి కథ కూడా ఒకటుంది, అది మోసం కాదు, పట్టుదల. హైదరాబాదులో 1888, 1889లో ఎడ్వర్డ్ లారీ అనే డాక్టర్, అప్పటి మత్తు మందు క్లోరోఫామ్‌తో మనిషి పోతే ముందు ఆగేది ఊపిరా గుండెనా తేల్చడానికి క్లోరోఫామ్ కమిషన్లు పెట్టాడు, రెండోదానికి నిజాం ప్రభుత్వం వెయ్యి పౌండ్లు ఇచ్చి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే డాక్టర్‌ని పిలిపించింది. వందల జంతువుల మీద చూసి ఊపిరే ముందు ఆగుద్ది, ఊపిరి చూసుకుంటే చాలు అని తేల్చారు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చూపించాడు, తేలిక మత్తులో అడ్రినలిన్ తగిలితే గుండె గిలగిలా కొట్టుకుని ఒక్కసారే ఆగిపోద్దని. లారీకి ముందే ఒక జవాబు నచ్చేసింది, అందుకే దానికి సరిపడేదే కనిపించింది. (అదే రోజుల్లో అదే ఊళ్ళో రూపాబాయి ఫర్దూన్జీ క్లోరోఫామ్ ఇచ్చేది, మన ఆడ మత్తు డాక్టర్లందరికీ పెద్దమ్మ. నీ థీసిస్ మొదటి పేజీలో దేవుడి బొమ్మ బదులు ఆమె బొమ్మ పెట్టినా తప్పులేదు.)

కన్సెంట్ ఫారం గూగుల్ తెలుగులో వద్దు. "యాదృచ్ఛికీకరణ" అంటే నాకే నోరు తిరగదు. "రెండు పద్ధతులున్నయ్, రెండూ మంచియే, మీకు ఏది వస్తదో చీటీ తీసినట్టు పడ్తది, వద్దంటే మామూలు వైద్యం అట్లే జరుగుద్ది" అని చెప్పు, ముందురోజు సాయంత్రం చెప్పు, ఓటీ టేబుల్ మీద కాదు. ఆయనని అడగాలి అంటుంది, అడగనీ, కానీ సంతకం ఆమెది, వేలిముద్ర అయితే మీ టీంకి సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి.

మిగతావి గబగబా. ఎథిక్స్ కమిటీ ఉత్తరం చేతికి రాకుండా, సీటీఆర్ఐలో (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే చోట) నంబరు పడకుండా మొదటి పేషెంట్‌ని ముట్టుకోకు, 2018 ఏప్రిల్ 1 నుంచి వాళ్ళు ముందుగా చేసే రిజిస్ట్రేషనే తీసుకుంటారు, తర్వాత ఏడిస్తే లాభం లేదు. చీటీలు కంప్యూటర్‌తో వేయించి, నంబర్లేసిన, లైటుకి పెట్టినా లోపలిది కనపడని కవర్లలో పెట్టి, నీ దగ్గర కాదు, వేరే వాళ్ళ దగ్గర పెట్టు. ఎంతసేపు ఉపవాసం ఉందో నిజంగా అడిగి రాయి, మంచినీళ్ళు రెండు గంటల ముందు దాకా తాగొచ్చని మనం చదువుకున్నాం గానీ మూడో కేసుగా లిస్టులో ఉన్నామె రాత్రి తొమ్మిది నుంచి చుక్క ముట్టకుండా మధ్యాహ్నం రెండింటికి టేబుల్ ఎక్కుద్ది, ఆ తలనొప్పి, ఆ నీరసం మందుది కాదు.

ఓటీ రిజిస్టర్ లెక్క తీసి ఆదివారం లోపల పంపు, సాయంత్రం నాలుగింటికి వీడియో కాల్ చేద్దాం, అప్పటికి మీ మామయ్య నిద్ర లేస్తారు, శాంపిల్ సైజు ఆయన కూడా ఒకసారి చూస్తానన్నారు. నువ్వు వచ్చినప్పుడు నల్లబ్యాగులో నా పాత కేస్ షీట్లు ఇస్తా, కొట్టేసిన ఆ గడి ఉన్న కాగితం కూడా అందులోనే ఉంది.

మీ అత్త