చెరువుల యాప్ పెట్టబోయే మా అమ్మలుకి

అమ్మలూ,

రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ ఎంతుందో రైతు ఫోన్‌కి చెప్పే యాప్‌ని భీమవరంలో మూడు మెషీన్లని కలిపి ప్రోగ్రాంలని నడిపే కుబర్నెటిస్ క్లస్టర్ మీద నువ్వే పెడుతున్నావట. మీ నాన్న ఫోన్ చేసి మరీ చెప్పాడు, పాపం వాడికి ఆ పేరు నోరు తిరగలేదు. నాకు గర్వంగానే ఉంది. కానీ తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్, అదే డీవో, పడిపోయే వేళకి నీ యాప్ మూగబోతే ఏరేటర్లు వెయ్యమని రైతుని ఎవరు లేపుతారు? పొద్దున్నకి రొయ్య తేలిపోతుంది.

ప్రోగ్రాం మూటకి, అదే ఇమేజ్‌కి, వెర్షన్ నంబరు ఇవ్వు, మెమరీ లిమిట్లు రాయి. ఇవి నీకు తెలిసినవే.

పోర్టుల సంగతి, అంటే ప్రోగ్రాంల దగ్గరికి వచ్చే నంబరు తలుపుల సంగతి, మాత్రం ఓపిగ్గా చదువు. పాడ్ అంటే కంటైనర్లు, అంటే నీ ప్రోగ్రాంలు, కలిసి ఉండే గూడు. ఏ పాడ్ ఐపీ చిరునామా దానిదే కాబట్టి పది పాడ్‌లూ 8080 వాడుకోవచ్చు. ఊరూరా రామాలయం ఉన్నట్టే, తగువు రాదు. ఒకే పాడ్‌లో రెండు కంటైనర్లు ఒకే పోర్టు కోరినా, మెషీన్ సొంత పోర్టు జోలికి వెళ్లినా తగువే. పాడ్ అడిగిన మెషీన్ పోర్టు, అదే హోస్ట్‌పోర్ట్, ఖాళీ లేకపోతే పాడ్ పెండింగ్‌లో ఉండిపోతుంది, డిస్క్రైబ్ కమాండులో కారణం కనిపిస్తుంది. బయటి నుంచి సర్వీసుకి, అంటే పాడ్‌ల ముందుండే చిరునామాకి, దారిచ్చే నోడ్‌పోర్ట్‌లు మామూలుగా 30000 నుంచి 32767 దాకా ఉంటాయి. వాటిలో ఇంకో సర్వీసు తీసుకున్నదే అడిగితే నీ సర్వీసు అసలు తయారే కాదు. ఇవి ముఖం మీదే చెప్పేస్తాయి, వీటితో నాకు భయం లేదు.

నేను పనిచేసిన చోట ఒక చురుకైన కుర్రాడు ఉండేవాడు. గడువు ముంచుకొచ్చి, నెట్‌వర్క్ కుదరక, పాడ్ మెషీన్ నెట్‌వర్క్‌నే వాడుకునేలా దానికి హోస్ట్‌నెట్‌వర్క్ ట్రూ అని పెట్టేశాడు. పనైపోయింది, అందరూ మెచ్చుకున్నారు. వాడి ప్రోగ్రాం తన మెట్రిక్స్, అంటే పనితీరు అంకెలు, చెప్పడం కోసం 9100 పోర్టు కూడా అడిగేది. ఆ ముక్క పాడ్ వివరాలు రాసే యామల్ ఫైలులో రాయలేదు. రాసి ఉంటే పాడ్‌ని ఏ మెషీన్‌లో పెట్టాలో చూసే షెడ్యూలరే ఆపేది. మెషీన్ డిస్క్, మెమరీ అంకెలు చెప్పే నోడ్ ఎక్స్‌పోర్టర్‌దీ అదే పోర్టు. అది ముందే ఉంది కాబట్టి ప్రోగ్రాం లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి ఊరుకుంది. కొన్నాళ్లకు మెషీన్ రీస్టార్ట్ అయింది. ఈసారి ప్రోగ్రామే ముందు లేచి 9100 పట్టేసుకుంది, ఎక్స్‌పోర్టర్ పడుతూ లేస్తూ ఉండిపోయింది. అంకెలు సేకరించడానికి మెషీన్ ఐపీతో 9100ని అడిగే ప్రొమీథియస్‌కి మాత్రం జవాబు వస్తూనే ఉంది, ఇచ్చేది ఎవరైతేనేం! డాష్‌బోర్డు పచ్చగానే ఉంది. డిస్క్ అంకెలే రాకపోతే డిస్క్ అలారం ఎలా మోగుతుంది? డిస్క్ నిండి, కుబర్నెటిస్ పాడ్‌లను ఒక్కొక్కటే గెంటేస్తుంటే అప్పుడు తెలిసింది. ఆ కుర్రాణ్ణి తిట్టారు. మెచ్చుకున్నవాళ్లే తిట్టారు, అది నాకు ఇప్పటికీ నచ్చదు.

అందుకని హోస్ట్‌నెట్‌వర్క్ ముట్టుకోకు. తప్పదంటే ప్రతి పోర్టూ యామల్‌లో రాయి. అంకెలు రావడం ఆగినా మోగే అలారం వేరుగా పెట్టు. పోర్టు ఎవరి చేతిలో ఉందో ఎస్ఎస్ కమాండుతో చూడు. చూడగానే ఆ ప్రాసెస్‌ని చంపెయ్యకు, 10250 అయితే అది మెషీన్‌లో పాడ్‌లని నడిపే క్యూబ్‌లెట్‌దే తల్లీ.

మన దగ్గర గాలివాన వస్తే కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఆ మెషీన్లు ఏ వరసలో లేస్తాయో నువ్వు ముందే చూసి ఉండాలి. ఆదివారం వస్తాను, రైతులకి ఇవ్వకముందే మూడు మెషీన్లనీ నా ఎదురుగా ఆపి, మళ్లీ వెయ్యి. అన్నం తిని పనిచెయ్యి, అర్ధరాత్రి డిప్లాయ్‌మెంట్లు పెట్టావంటే మీ నాన్నతో చెప్తాను.

మీ పెదనాన్న